బుల్‌పప్ ఎయిర్ రైఫిల్ కొనబోతున్నారా? "లైసెన్స్ అక్కర్లేదు, పోటీలకి పనికొస్తుంది" అన్న మాట నమ్మకండి

పది మీటర్ల షూటింగ్ నేర్చుకుందామనో, పిల్లలకి నేర్పిద్దామనో బుల్‌పప్ పీసీపీ (ముందే గాలి నింపి పెట్టుకునే) రైఫిల్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి డబ్బు కట్టకుండా కాస్త ఆగండి. అది పోటీకి పనికిరాదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. లైసెన్స్ అక్కర్లేదని అమ్ముతున్న వాటిలో నిజానికి లైసెన్స్ కావాల్సినవి కూడా ఉంటున్నాయి. మా ఇంట్లో ఈ రెండు దెబ్బలూ ఒకే రైఫిల్‌తో తగిలాయి. ఇంకొకరికి తగలకూడదని రాస్తున్నాను.

మా అక్క కూతురు హనుమకొండలో తొమ్మిదో తరగతి చదువుతోంది. పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్, స్వప్నిల్ కుశాలె పతకాలు గెలిచినప్పటి నుంచి దానికి షూటింగ్ తప్ప వేరే ధ్యాస లేదు. పాప పుట్టినరోజుకి ఇద్దామని, షూటింగ్ రేంజ్‌కి వెళ్లే నాకు కూడా తెలియకుండా, మా బావ హైదరాబాద్‌లో ఒక దుకాణంలో బుల్‌పప్ కొన్నాడు. స్కోప్, హ్యాండ్ పంప్, పెల్లెట్ డబ్బాలు అన్నీ కలిపి 82 వేలు. "ఇంటర్నేషనల్ షూటర్లు వాడే టెక్నాలజీయే సార్ ఇది. పాపకి స్టేట్ మీట్ దాకా ఇంకోటి కొనక్కర్లేదు. లైసెన్స్ గొడవ అసలే లేదు" అని చెప్పి అమ్మారు. షూటింగ్ గురించి ఏమీ తెలియని తండ్రి, కూతురి మీద ప్రేమతో అడిగినంతా ఇచ్చి వచ్చాడు. ఇలాంటి తండ్రులు వాళ్లకి రోజూ దొరుకుతారు. నా కోపమంతా అక్కడే.

తెలియనివాళ్ల కోసం: మామూలు రైఫిల్‌లో ట్రిగ్గర్‌కి ముందు మెకానిజం ఉంటుంది, వెనకాల భుజానికి ఆనించే బట్ ఉంటుంది. బుల్‌పప్‌లో మెకానిజం, మ్యాగజైన్ ట్రిగ్గర్ వెనక్కి వెళ్లి బట్‌లోనే కూర్చుంటాయి. దానివల్ల బారెల్ పొడవు తగ్గకుండానే మొత్తం రైఫిల్ పొట్టిదవుతుంది. వాహనాల్లో ఎక్కి దిగే సైనికులకి ఇది సౌకర్యం. ఆస్ట్రియా స్టెయిర్ ఏయూజీ, ఫ్రాన్స్ ఫామాస్, మన ప్రత్యేక దళాల చేతుల్లో కనిపించే ఇజ్రాయెల్ టావోర్ అన్నీ ఇలాంటివే. ఆ ఫ్రాన్స్ సైన్యమే ఫామాస్‌ని పక్కన పెట్టి, మామూలు వరసలో ఉండే హెచ్‌కే 416కి మారింది. సరే, సైన్యాల లెక్కలు వేరు. ఒకే చోట నిలబడి, పది మీటర్ల దూరంలో అర మిల్లీమీటర్ చుక్కని కొట్టాల్సిన ఆటలో పొట్టి రైఫిల్‌తో ఒరిగేది ఏముంది?

పాపని తీసుకుని మా రేంజ్‌కి వచ్చారు. ఆ రైఫిల్ నేనూ పట్టుకుని చూశాను. మొదట బయటపడింది ట్రిగ్గర్. వేలు వేసే చోటు ముందుంది, షాట్‌ని వదిలే సియర్ అనే కొక్కెం ఎక్కడో వెనక బట్‌లో ఉంది. రెండిటికీ మధ్య ఒక పొడుగాటి కడ్డీ. నొక్కితే మొదట ఖాళీగా కొంత దూరం పోతుంది. తర్వాత గరగరమని ఒరుసుకుంటూ కదులుతుంది. షాట్ ఎక్కడ పోతుందో అంచనా చిక్కదు. ఒకసారి అనుకున్నదానికంటే ముందే పోయింది, మరోసారి ఇక పోదేమో అనుకుని వేలు బిగించాక పోయింది. రెండుసార్లూ మజిల్, అంటే బారెల్ మూతి, కదలడం నాకు స్పష్టంగా తెలిసింది. మ్యాచ్ రైఫిళ్లలో ట్రిగ్గర్‌ని వంద గ్రాముల లోపు బరువుకి సెట్ చేసుకుంటారు. వేలు ఆనించి ఊపిరి నిలిపితే చాలన్నంత తేలిక. నేర్చుకునే పిల్లకి మొట్టమొదట అలవడాల్సింది ఆ వేలి పనే. దాన్ని ఈ కడ్డీ మీద నేర్పితే తర్వాత మాన్పించడానికి కోచ్ తల ప్రాణం తోకకొస్తుంది.

రెండోది కొలత. పద్నాలుగేళ్ల పిల్ల చేతులు ఎంతుంటాయి? మ్యాచ్ రైఫిల్‌లో బట్‌ప్లేట్‌ని ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ జరుపుకోవచ్చు. చెంప ఆనించే చీక్‌పీస్ ఎత్తు మార్చుకోవచ్చు. పిల్ల ఎదిగేకొద్దీ రైఫిల్‌ని కూడా పెంచుకుంటూ పోతారు. బుల్‌పప్‌లో బట్ నిండా మెకానిజమే ఉంది కదా, దాన్ని ఎక్కడని తగ్గిస్తారు? పాప మెడ చాచి, తల పక్కకి వంచి స్కోప్‌లోకి చూడాల్సి వచ్చింది. బరువు కూడా అంతా భుజం దగ్గరే. నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, రైఫిల్ బరువు ఆ చేతి మీదుగా నేలకి దిగేలా నిలబడతాం. ముందు భాగంలో కాస్త బరువుంటేనే బారెల్ నిలకడగా ఉంటుంది. ఈ రైఫిల్ మూతి గాలిలో తేలుతున్నట్టు అటూ ఇటూ ఊగుతూనే ఉంది.

ఇంకొకటి జరిగింది. నాలుగైదు షాట్లు కాల్చాక పాప ఒక్కసారిగా ముఖం వెనక్కి తీసేసింది. చెంప మీద ఏదో కొట్టినట్టుందంది. నేను కాల్చి చూస్తే నిజమే, ప్రతి షాట్‌కీ చెంప మీద చల్లటి గాలి చురుక్కుమంటోంది. పెల్లెట్ పెట్టే చోటు, అంటే బ్రీచ్ దగ్గరి ఓ-రింగ్ లీకవుతోంది. మామూలు రైఫిల్‌లో అయితే ఆ లీకు ముఖానికి దూరంగా ఎక్కడో ముందు ఉంటుంది. ఇక్కడ బ్రీచ్ సరిగ్గా దవడ కిందే ఉంది. చిన్న రబ్బరు రింగు, మార్చుకుంటే పోతుంది. కానీ షాట్ అంటేనే కళ్లు మూసుకునే భయం పిల్లకి ఒకసారి పట్టుకుంటే అది మారడానికి నెలలు పడుతుంది.

ఇక నిబంధనలు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అంటే 4.5 మి.మీ. బోర్ (బారెల్ లోపలి వ్యాసం), సైట్లతో కలిపి 5.5 కిలోలకి మించని బరువు, ఒక్కసారికి ఒక్క పెల్లెట్. స్కోప్ కుదరదు, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటే పెట్టుకోవాలి. అలాంటి 60 షాట్లు గంటా పావులో కాల్చాలి. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఈ ఆటలోనే. మావాళ్లకి అమ్మిన రైఫిల్‌కి పది పెల్లెట్ల మ్యాగజైన్, పైన పొడుగాటి రెయిలు, దాని మీద స్కోప్. పీప్ సైట్ బిగించడానికి సరైన చోటే లేదు. ఎలాగోలా బిగించినా ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం చాలదు. రేంజ్‌లో కోచ్ దాన్ని తిప్పి చూసి, "అమ్మా, దీంతో పోటీకి ముందు రైఫిల్ తనిఖీ చేసే ఈక్విప్‌మెంట్ కంట్రోల్ టేబుల్ దాటలేవు" అని పాపకి మెల్లగా చెప్పారు. ఆ మాట అమ్మేవాళ్లకి తెలియదని నేను అనుకోను.

ఇంతవరకూ అయితే డబ్బు పోయిందని ఊరుకునేవాళ్లం. అసలు సంగతి పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు బయటపడింది. ప్రకటనలో 1100 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు) అని గొప్పగా వేసుకున్నారు. ఆ అంకె చూడగానే నాకు అనుమానమొచ్చింది. ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం బోర్ 4.5 మి.మీ., అంటే .177 అంగుళం, మించకుండా, మజిల్ ఎనర్జీ (బారెల్ మూతి దాటేటప్పుడు పెల్లెట్‌కి ఉండే శక్తి) 20 జౌల్స్ మించకుండా ఉండే ఎయిర్ రైఫిల్‌కే లైసెన్స్ మినహాయింపు. రెండూ ఉండాలి. బోర్ చిన్నదైనా ఎనర్జీ మించితే లైసెన్స్ కావాల్సిందే. .22 బోర్ అయితే ఎనర్జీ ఎంత తక్కువైనా లైసెన్స్ తప్పదు.

లెక్క మీరే వేసుకోవచ్చు, స్కూల్ ఫిజిక్సే. పెల్లెట్ బరువు కిలోల్లో, వేగం సెకనుకి మీటర్లలో తీసుకుని, బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. అందరూ వాడే 8.44 గ్రెయిన్ల పెల్లెట్ అంటే 0.547 గ్రాములు. దీంతో 20 జౌల్స్ హద్దు సెకనుకి సుమారు 270 మీటర్ల దగ్గర, అంటే 887 ఎఫ్‌పీఎస్ దగ్గర వస్తుంది. మావాళ్ల రైఫిల్ అదే పెల్లెట్‌తో 960కి అటూ ఇటూగా చూపించింది. 23 జౌల్స్ దాటింది. అంటే లైసెన్స్ లేకుండా ఇంట్లో ఉండకూడని ఆయుధాన్ని ఒక పద్నాలుగేళ్ల పిల్లకి బహుమతి రైఫిల్ అని చెప్పి అమ్మారు. పట్టుబడితే ఆర్మ్స్ యాక్ట్ కింద జవాబు చెప్పుకోవాల్సింది దుకాణం ఒక్కటే కాదు, ఇంట్లో పెట్టుకున్న మా బావ కూడా. ఆ రాత్రి మా అక్క నిద్రపోలేదు.

ఇంకో మాట. పోటీ రైఫిళ్ల ఎనర్జీ ఏడెనిమిది జౌల్స్ దగ్గరే ఉంటుంది. పది మీటర్ల కాగితానికి అంతకంటే అక్కర్లేదు. కాబట్టి ఎఫ్‌పీఎస్ అంకె పెద్దగా వేసి "స్పోర్ట్స్ రైఫిల్" అని అమ్ముతుంటే, ఆ రెండు మాటలూ ఒకచోట పొసగవని గుర్తుంచుకోండి.

దుకాణానికి వెళ్లి రీడింగులు ముందుపెడితే మొదట "మీ మెషీన్ తప్పు" అన్నారు. వాళ్ల దగ్గరున్న మెషీన్‌తోనే చూడమంటే మాట మార్చి, "రెగ్యులేటర్ తిప్పి తగ్గించి ఇస్తాం, తీసుకెళ్లండి" అన్నారు. రెగ్యులేటర్ అంటే గాలి ఒత్తిడిని సర్దే భాగం. దాని స్క్రూ తిప్పితే తగ్గేది మళ్లీ తిప్పితే పెరుగుతుంది. పైగా అమ్మినప్పుడు అది ఎంత ఎనర్జీతో ఉందో బిల్లులో ఒక్క ముక్క లేదు, ".177 స్పోర్ట్స్" అని తప్ప. రైఫిల్ అక్కడే వదిలేసి, అప్పగించినట్టు సంతకం, ముద్ర ఉన్న కాగితం తీసుకున్నాం. డబ్బులో కొంత ఇచ్చారు. స్కోప్, పంప్ "వాడేశారు" కాబట్టి వాటి డబ్బు ఇవ్వమన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం, అది నడుస్తోంది.

బుల్‌పప్ అంటేనే చెత్త అని నేను అనడం లేదు. విదేశాల్లో బల్ల మీద ఆనించి కాల్చే పోటీల్లో మంచి కంపెనీల బుల్‌పప్‌లు వాడేవాళ్లున్నారు. వాటి ట్రిగ్గర్ పనితనం వేరు, ధర కూడా వేరు. ఇక్కడ కూడా, సొంత స్థలంలో వెనక మట్టి గట్టు పెట్టుకుని డబ్బాలు కొట్టుకునే పెద్దవాళ్లకి 20 జౌల్స్ లోపుది సరదాగా ఉండొచ్చు. పొలాల్లో పిట్టలు కొట్టొచ్చని కూడా కొందరు అమ్మేవాళ్లు నూరిపోస్తున్నారు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద జైలు దాకా పోయే వ్యవహారం, ఆ మాట అన్నవాళ్ల దగ్గర ఏమీ కొనకండి.

పిల్లలకి ఆట నేర్పాలంటే ముందు రేంజ్‌లో చేర్పించండి. నేర్చుకునేవాళ్ల కోసం చాలా రేంజ్‌లలో క్లబ్ రైఫిళ్లుంటాయి. ముందు నిలబడటం, ఊపిరి, ట్రిగ్గర్ కుదరనివ్వండి. స్కోర్ ఒక స్థాయికి వచ్చాక ఏది కొనాలో కోచ్‌ని అడిగి, పాతదైనా సరే మ్యాచ్ రైఫిల్ వెతుక్కోండి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటి కంపెనీలవి కొత్తవైతే లక్షల్లో ఉంటాయి. కానీ పాత మ్యాచ్ రైఫిల్‌ని మళ్లీ అమ్ముకోవచ్చు, ఈ బుల్‌పప్‌ని కొనే షూటర్ దొరకడు. పాత మ్యాచ్ రైఫిల్ కొనేటప్పుడు దాని గాలి సిలిండర్ మీద ముద్రించిన తయారీ తేదీ మాత్రం చూడకుండా తీసుకోకండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు దగ్గర్లోని రేంజ్‌ని ముందుగా ఫోన్‌లో సంప్రదించి, వాళ్ల సలహాతో క్రోనోగ్రాఫ్ పరీక్ష చేయించుకోండి. ఏ పెల్లెట్ వాడారో దాని బరువుతో సహా రీడింగులు రాసి పెట్టుకోండి. 20 జౌల్స్ దాటితే రెగ్యులేటర్‌ని మీరే విప్పకండి. లోపల 200 బార్ ఒత్తిడి ఉంటుంది, పైగా తర్వాత రుజువు కూడా మిగలదు. దుకాణానికి రాతపూర్వకంగా తెలియజేసి, రైఫిల్ అప్పగించి రసీదు తీసుకోండి. వాళ్లు తీసుకోకపోతే ఆ కాగితాలన్నీ పట్టుకుని ఒక లాయర్‌తో మాట్లాడి, ఆయనతో కలిసి మీ పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.