రేడియేటర్లు నడిపే కట్టెల స్టవ్: వెనక పైపులు చూసి కొనండి

గదికి 5 కిలోవాట్లు, నీళ్లకు 10 కిలోవాట్లు ఇచ్చే తరహా కట్టెల స్టవ్ గురించి ఈ సమీక్ష. నిప్పుగూటి చుట్టూ నీటి జాకెట్ ఉంటుంది, అందులో కాగిన నీళ్లను పంపు మిగతా గదులను వేడి చేసే రేడియేటర్లకు తోస్తుంది. స్టవ్‌కి పెద్దగా వంక పెట్టలేం. దళసరి ఉక్కు, పోత ఇనుప తలుపు, అద్దానికి మసి పట్టకుండా పైనుంచి గాలి వచ్చే ఏర్పాటు, అన్నీ బాగానే ఉన్నాయి. గొడవంతా వెనక పైపుల్లోనే.

అన్నిటికంటే పెద్ద లోపం ముందే చెప్పాలి. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే (రిటర్న్) నీటిని అదుపు చేసే మూడు దారుల త్రీవే వాల్వ్ చాలాసార్లు స్టవ్‌తో పాటు రాదు, విడిగా కొనాలి. అది ఉన్నా లేకపోయినా ఒకటేననుకుంటే మొదటికే మోసం. రేడియేటర్లలో తిరిగి చల్లబడిన నీళ్లు నేరుగా జాకెట్‌లోకి వస్తే పొగలోని ఆవిరి ఆ చల్లని ఉక్కు గోడ మీద నీరై కారుతుంది. మసితో కలిసి తారు కడుతుంది. తారు పేరుకున్న గోడ నుంచి వేడి నీళ్లలోకి సరిగా దిగదు, పైగా ఆ ఆమ్లపు తడి ఉక్కును తినేస్తుంది. 55 లేదా 60 డిగ్రీల వాల్వ్ పెడితే జాకెట్ ఆ వేడికి వచ్చేదాకా నీళ్లు దగ్గరి చుట్టులోనే తిరుగుతాయి, ఆ తర్వాతే రేడియేటర్లకు దారి తెరుచుకుంటుంది.

రెండోది కరెంటు. పోతే పంపు ఆగుతుంది కానీ మంట ఆగదు. అందుకే స్టవ్ కంటే ఎత్తులో ఒక రేడియేటర్‌ను వాల్వ్ లేకుండా, 28 మిల్లీమీటర్ల పైపుతో, పంపు అవసరం లేకుండా దానంతటదే నీరు తిరిగేలా కలపాలి. పైపు పైకి వాలుగా సాగాలి, మధ్యలో ఎక్కడా కిందికి దిగకూడదు. నీళ్లు బయటి గాలి తగలకుండా ఒత్తిడిలో తిరిగే మూసిన వ్యవస్థ అయితే, ఒత్తిడి పెరిగినప్పుడు నీళ్లు వదిలేసే సేఫ్టీ వాల్వ్ ఒక్కటే చాలదు. సుమారు 95 డిగ్రీలకు తెరుచుకుని చన్నీళ్లతో జాకెట్‌ను చల్లార్చే థర్మల్ వాల్వ్ కూడా కావాలి. స్టవ్‌కీ సేఫ్టీ వాల్వ్‌కీ మధ్య మాత్రం ఏ కుళాయీ బిగించనివ్వకండి.

రేడియేటర్ల లెక్క కూడా చూసుకోవాలి. వాటి మీద రాసిన వాట్లు నీళ్లు 75 డిగ్రీలకు వెళ్లి 65కి తిరిగొచ్చి, గది 20 డిగ్రీలున్నప్పటివి. నీళ్ల సగటు వేడి 50కి పడితే అదే రేడియేటర్ ఇంచుమించు సగమే ఇస్తుంది. మొత్తం రేడియేటర్ల సామర్థ్యం 10 కిలోవాట్లకు బాగా తక్కువైతే స్టవ్ మాటిమాటికీ మరుగుతుంది.

ఇక మంట. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. తేమ కొలిచే మీటర్ పిన్నులు బెరడు మీద కాదు, అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చాలి. లావు మొద్దులు అడుగున, సన్న పుల్లలు పైన పేర్చి పైనుంచి అంటిస్తే పొగ తక్కువ. మొద్దులు బాగా అంటుకున్నాకే గాలి తగ్గించాలి. తెల్లార్లూ మండాలని గాలి బిగించేసి పడుకోవడం తారుకు పిలిచి పీట వేయడమే. బూడిద మొత్తం ఊడ్చేయకుండా ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంచితే కట్టె బాగా మండుతుంది.

ఎండిన కట్టె వేసినా అద్దం నల్లబడుతుంటే తలుపు తాడును, అంటే గాలి దూరకుండా తలుపు అంచు చుట్టూ అంటించే తాడును, అనుమానించండి. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే తాడు అణిగిపోయినట్టే. పాతది పీకి, గాడి గీకి శుభ్రం చేసి, అదే మందం కొత్త తాడును వేడికి తట్టుకునే జిగురుతో అంటించాలి. సాగదీస్తే సన్నబడి మళ్లీ గాలి దూరుతుంది.

రేడియేటర్ పైభాగం చల్లగా ఉంటే అందులో గాలి చేరింది. పంపు ఆపి, గుడ్డ అడ్డం పెట్టి, గాలి వదిలే మరను దాని తాళంచెవితో పావు చుట్టు తిప్పండి. బుస ఆగి నీళ్లు రాగానే బిగించి గేజ్ చూడండి, చల్లగా ఉన్నప్పుడు నీటి ఒత్తిడి 1 నుంచి 1.5 బార్ ఉండాలి. అడుగు మధ్యలో చల్లగా ఉంటే అది నల్ల బురద. రేడియేటర్ విప్పి కడిగి, తుప్పు నిరోధక ద్రావణం కలిపి, రిటర్న్ లైన్‌లో అయస్కాంత ఫిల్టర్ పెట్టించండి. వారం వారం నీళ్లు నింపాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోంది. వెతక్కుండా నింపుకుంటూ పోతే కొత్త నీటితో వచ్చే ఆక్సిజనే మళ్లీ బురద పుట్టిస్తుంది.

జాకెట్ గోడలను వారానికోసారి తీగ బ్రష్‌తో గీకాలి. చేయి దూరని మూల వెనక ఒకటి ఉంటుంది, డిజైన్‌లో నాకు నచ్చనిది అదే. పొగగొట్టం ఏడాదికోసారైనా ఊడ్పించాలి. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. తీసిన బూడిదలో నిప్పు రోజుల తరబడి దాగి ఉండగలదు కాబట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి ఇంటి బయట పెట్టండి.