హైడ్రోజన్ కిట్‌కి ఒక స్టార్, ఎయిర్ ఫిల్టర్‌కి నాలుగు

మా పాత టాటా ఏస్ కావలి నుంచి అల్లూరు, జువ్వలదిన్నె వైపు రొయ్యల గుంటలకు మేత బస్తాలు వేస్తుంది. బండి మా ఆయన నడుపుతాడు, డీజిల్ లెక్కలు నేను రాస్తాను. ఆయన హైవే పక్కన ఒక షాపులో నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసి ఇంజినులోకి పంపి మైలేజీ పెంచుతుందనే కిట్ పెట్టించాడు. ధర 18,000. సగం ముందు, మిగతా సగం మైలేజీ చూశాక. "లీటరుకి 25 గ్యారంటీ అక్కా" అన్నాడు షాపతను.

పనితనానికి వంక పెట్టలేను. స్టీలు ప్లేట్ల డబ్బా గట్టిగా బిగించారు, పైపులకి క్లిప్పులు వేశారు, ఫ్యూజు పెట్టారు, తాళం తీస్తే కిట్ కూడా ఆగిపోయేలా రిలే ఇచ్చారు.

ఎప్పుడూ 18 దాటని బండి మొదటి ట్యాంకుకే 20 దాటింది. మా ఆయన మీసం మెలేశాడు. నేను బిల్లు చూశాను. కిట్ పెట్టిన రోజే ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ ఆయిల్ మార్చారు, టైర్లలో గాలి సరిచేశారు. అందుకని తర్వాతి ట్యాంకు కొట్టించినప్పుడు కిట్ ఫ్యూజు పీకి నా బ్యాగులో వేసుకున్నాను. ఆయనకి చెప్పలేదు, చెబితే యాక్సిలరేటర్ మీద కాలు మారిపోతుంది. అదే బంకు, ఫుల్ టు ఫుల్. ఫ్యూజు లేకుండా కూడా అదే 20!

నేను జవహర్ భారతిలో బీఎస్సీ చదివాను కాబట్టి ఆశ్చర్యపోలేదు. కిట్ లాగేది 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు, అంటే 180 వాట్లు. మా ఇంజిను 16 హార్స్‌పవర్, దాదాపు 12 వేల వాట్లు. ఆ 180 కూడా ఊరికే రాదు. ఆల్టర్నేటర్ ఇవ్వాలి, దాన్ని ఇంజినే తిప్పాలి, ఇంజిను డీజిల్‌తోనే తిరగాలి. ప్రతి మెట్టులోనూ కొంత వేడిగా పోతుంది. నీళ్లంటే హైడ్రోజన్ కాలాక మిగిలిన బూడిద లాంటివి, వాటిలో మండడానికి ఏమీ మిగలదు.

షాపులో గడ్కరీ గారి వీడియో చూపిస్తున్నారు. 2022 మార్చిలో ఆయన పార్లమెంటుకి వెళ్లిన టయోటా మిరాయ్‌లో నీళ్ల డబ్బా లేదు. బయట తయారైన హైడ్రోజన్‌ని 700 బార్ ఒత్తిడితో సిలిండర్లలో నింపుతారు, ఫ్యూయల్ సెల్ దాన్ని కరెంటుగా మారుస్తుంది. అది అసలైన హైడ్రోజన్ బండే. కానీ నీళ్ల నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్ల పైనే కరెంటు పడుతుంది, దానితో కారు వెళ్లేది సుమారు 100 కిలోమీటర్లు. అంత కరెంటు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో పోస్తే 300 దాటుతుంది. దూరాలు పోయే పెద్ద లారీల సంగతి వేరేమో గాని, గుంటల చుట్టూ తిరిగే మా ఏస్‌కి అది కూడా గిట్టదు.

ఇంకో ఫిర్యాదు. "మామూలు నీళ్లు చాలు" అని చెప్పి డబ్బాలో కాస్టిక్ పొటాష్ కలిపారు. చేతి మీద పడితే చర్మం కాలుతుంది, పిల్లలున్న ఇళ్లలో మరీ ప్రమాదం. డబ్బా మీద ఒక్క హెచ్చరిక లేదు. సీఎన్‌జీ కిట్‌కి బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి సంస్థ ఆమోదం ఉండాలి, ఆర్‌సీలో ఎక్కాలి. దీనికి అలాంటి కాగితం అడిగితే కంపెనీ కరపత్రం చేతిలో పెట్టారు.

రెండో సగం మేం ఇవ్వలేదు, వాళ్లూ గొడవ చేయలేదు. కిట్ విప్పుకెళ్లారు. ముందు కట్టిన 9,000 అడిగితే "వచ్చే వారం అక్కా" అంటున్నారు.