విజయనగరంలో 1973 నాటి ఫెండర్ చాంప్: ఏడాది వాడకం తరువాత

ట్రాన్సిస్టర్లకు ముందు కాలపు గాజు వాల్వులతో పనిచేసే పాత అమెరికన్ గిటారు యాంప్లిఫైయర్ల మీద నాకున్న మోజు ఇంట్లోవాళ్ళ ఓపికకు లోబడి ఉండవలసి రావడం వల్ల, ఇప్పటికి నా దగ్గర చేరినవి మూడే. వాటిలో నేను ఎక్కువగా వాయించేది 1973లో తయారైన ఫెండర్ చాంప్. వెండిరంగు ముందుపలక గల ఈ చిన్న పెట్టెలో గిటారు స్వరాన్ని మొదట పెంచే 12ఏఎక్స్7, స్పీకరును నడిపే 6వీ6, ఏసీ కరెంటును డీసీగా మార్చే 5వై3, వెరసి మూడు వాల్వులు, 8 అంగుళాల స్పీకరు ఒకటి ఉంటాయి. శక్తి సుమారు 6 వాట్లు.

అంత తక్కువేమిటని మొదట నేనూ పెదవి విరిచాను. అయితే వాల్వు యాంప్లిఫైయరు అసలు రుచి దాన్ని గట్టిగా పని చేయించినప్పుడే తెలుస్తుంది; 40 వాట్ల పెట్టెను ఆ స్థితికి తెస్తే మా వీధివాళ్ళు ఊరుకోరు. చాంప్‌లో వాల్యూము 4 వరకు స్వరం తేటగా ఉండి, 5 దాటాక తీయని గరుకుదనం మొదలవుతుంది. తీగను బలంగా మీటితే 5వై3 వాల్వు ఇచ్చే వోల్టేజి కొద్దిగా కుంగడం వల్ల మోత క్షణంపాటు అణిగి, వెంటనే మళ్ళీ ఉబుకుతుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊళ్ళో పెరిగిన నాకు, తీగను లాగి పలికించిన స్వరం అలా సాగుతుంటే చెయ్యి తీయబుద్ధి కాదు. మంద్ర స్థాయి తీగల దగ్గర మాత్రం ఆ చిన్న స్పీకరు తట్టుకోలేక బొంగురుపోతుంది. ప్రతిధ్వనినిచ్చే రివర్బు లేదు, మోతను అలలా హెచ్చుతగ్గులు చేసే ట్రెమొలో కావాలంటే దీని జోడీ మోడలైన వైబ్రో చాంప్ వెతుక్కోవాలి.

అమ్మిన వ్యక్తి ‘పూర్తిగా సర్వీసు చేయించినది’ అని చెప్పిన ఈ పెట్టె, మా ఇంట్లో స్విచ్చి వేసిన మొదటి రాత్రే గిటారు కంటే గట్టిగా హమ్మని మోగింది. గంటస్తంభం దగ్గరి సందులో ఒకప్పుడు వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన దగ్గరకు పట్టుకెళ్ళాను. ఆయన వెనుకపలక విప్పి చూసి, “ఇందులో కొత్తేటుంది బాబూ, రేడియోలో స్టేషను పట్టే భాగం తీసేసి గిటారు తగిలించారు, అంతే కదా” అన్నారు. ఆ మాట ఎంత నిజమో ఆయనకు తెలియదు. ఈ కంపెనీని స్థాపించిన లియో ఫెండర్ కూడా 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు దుకాణంతోనే మొదలుపెట్టాడు.

కరెంటులోని హమ్మును వడకట్టే మూడు ఫిల్టరు కండెన్సర్లు కలిసి ఉండే డబ్బా అడుగున రసం కారి, గట్టిపడి, బెల్లం పాకంలా అంటుకుని ఉంది. ప్లగ్గు తీసేసినా వాటిలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు కనుక, పెద్దాయన ఎడమ చేతిని వీపు వెనుక పెట్టుకుని, రెసిస్టరు ఆనించి ఆ ఛార్జీని నెమ్మదిగా దించాకే సోల్డరింగు కాడ పట్టుకున్నారు. కొత్తవి వేశాక పెన్సిలుతో ఒక్కొక్క వాల్వునూ తట్టి, టంగుమని మోగిన 12ఏఎక్స్7ను మార్చమన్నారు. కూలి విషయంలో ఆయన అడిగినదానికి నేనే కొంత కలిపి ఇచ్చాను.

కరెంటు సంగతి కొనేముందే ఆలోచించాలి. ఇది 120 వోల్టుల, 60 హెర్ట్జ్ కరెంటుకు చేసినది. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గిస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. హెర్ట్జ్ తగ్గితే లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఎక్కువ వేడెక్కుతుంది. అందువల్ల 120కి బదులు 110 వోల్టులు ఇచ్చేదాన్ని, దాని ముందు స్టెబిలైజరును పెట్టుకున్నాను. వాల్వుల ఫిలమెంట్లకు అందే వోల్టేజి కొంత తగ్గినా, అవి తట్టుకోగలిగిన హద్దులోనే ఉంది. మూడు పిన్నుల తీగ, సరైన ఎర్తు లేకుండా దీన్ని ముట్టుకోవద్దు. స్పీకరు తీగ ఊడదీసి ఎన్నడూ ఆన్ చేయవద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు.

పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాతో వాయించేవాళ్ళకు ఇది పనికిరాదు, డ్రమ్ముల మోతలో మునిగిపోతుంది. ఇంట్లో వాయించుకునేవాళ్ళు నిశ్చింతగా కొనవచ్చు. నాకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే, అదీ యాంప్లిఫైయరు తప్పు కాదు: ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు రొదను నా గిటారులో తీగల కంపనాన్ని అందుకునే సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట గల) పికప్పులు పట్టేస్తున్నాయి. అందుకని ఫ్యాను కట్టేసే వాయిస్తున్నాను. మే నెలలో మాత్రం రెండు పాటలకు మించి కూర్చోలేకపోయాను.