టెనర్‌కు ఏది మేలు: ఒపెరానా, క్రాస్‌ఓవరా?

జపాన్‌లోని కునితాచి సంగీత కళాశాలలో చదివిన టెనర్లలో (హెచ్చు స్థాయి గొంతున్న మగ గాయకులు) ఇద్దరి దారులు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. కేయ్ ఫుకుయ్ ఒపెరా, అంటే ఆర్కెస్ట్రాతో పాడుతూ నటించే సంగీత నాటకం వేదికనే నమ్ముకున్నారు. మసఫుమి అకికావా అక్కడ చదివాక ఇటలీలోని పార్మాలో కూడా నేర్చుకుని, చివరికి క్రాస్‌ఓవర్ గాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. శాస్త్రీయ శిక్షణ ఉన్న గొంతుతో మామూలు జనం వినే పాటలు పాడటాన్నే క్రాస్‌ఓవర్ అంటారు.

పేరు, డబ్బు లెక్కన చూస్తే అకికావాకు పోటీయే లేదు. 'సెన్ నో కజే ని నత్తే' (వేయి గాలులనై) అనే పాటను అకికావా 2006లో సింగిల్‌గా విడుదల చేశారు. ఒక ఇంగ్లిష్ కవితను జపనీస్‌లోకి తెచ్చి, బాణీ కట్టింది మాన్ అరాయ్. చనిపోయిన మనిషి తనవాళ్లను ఓదార్చే పాట అది. ఆ ఏడాది డిసెంబర్ 31న జపాన్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఏటా చివరి రాత్రి టీవీలో ఇచ్చే పాటల కార్యక్రమం 'కోహాకు'లో అకికావా దాన్ని పాడారు. జనవరికల్లా, జపాన్‌లో పాటల అమ్మకాలను లెక్కగట్టే ఓరికాన్ చార్టులో మొదటి స్థానానికి చేరింది. ఒక శాస్త్రీయ గాయకుడు ఆ చోటికి చేరడం అదే మొదటిసారి. పది లక్షలకు పైగా అమ్ముడై, 2007 మొత్తానికీ నంబర్ వన్ సింగిల్ అయింది. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు, మొదటి ఆల్బమ్ వచ్చి ఐదారేళ్లయింది. కాబట్టి రాత్రికి రాత్రి వచ్చిన అదృష్టం అనలేం.

కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. అంత పెద్ద హిట్ వచ్చాక జనం ఆ పాటనే అడుగుతారు. గొంతు ఎంత ఎదిగినా, వినేవాళ్లు పోల్చేది ఆ నాలుగు నిమిషాలతోనే.

ఫుకుయ్ దారిలో ఈ ఇబ్బంది లేదు. 1952లో మొదలైన నికికాయి ఒపెరా సంస్థ నిర్మాణాల్లో ఆయన ఇటాలియన్ పాత్రలే కాదు, జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరాల్లోని పార్సిఫాల్, లోహెన్‌గ్రిన్ పాత్రలు కూడా పాడారు. పార్సిఫాల్ ఒపెరాలో సంగీతమే నాలుగు గంటలకు పైన ఉంటుంది. మైకు లేకుండా నిండు ఆర్కెస్ట్రాను దాటి చివరి వరుసకు వినిపించాలి. అలాంటి బరువైన పాత్రలు సాధారణంగా గొంతు ముదిరాకే అందుతాయి. అంటే వయసు పెరిగేకొద్దీ కొత్త పనికి తలుపు తెరుచుకునే వృత్తి ఇది. పేరు మాత్రం ఒపెరా అభిమానుల మధ్యే ఉండిపోతుంది. జీతం సంగతీ అంతంతే. జర్మనీలో చాలా థియేటర్లు గాయకులను నెలజీతం మీద పెట్టుకుంటాయి. జపాన్‌లో సోలో గాయకులకు ఆ ఏర్పాటు లేనట్టే. టోక్యో న్యూ నేషనల్ థియేటర్‌లో ముఖ్యపాత్రలు చాలావరకు విదేశీ గాయకులకే వెళ్తాయి. అందుకే పేరున్నవాళ్లు కూడా కాలేజీల్లో పాఠాలు చెబుతుంటారు.

మూడో దారి నోరిమసా ఫుజిసావాది. 2008లో రంగంలోకి దిగిన ఈయన తన పద్ధతికి 'పాప్ ఒపెరా' అని పేరు పెట్టుకున్నారు. చరణం పాప్ గొంతులో, పల్లవి ఒపెరా గొంతులో. రష్యన్ స్వరకర్త బొరోదిన్ 'పోలోవ్త్సియన్ నృత్యాల' బాణీని అలాగే వాడుకున్నారు. వినడానికి సరదాగా ఉంటుంది, కానీ గొంతు మారే ఆ క్షణమే పాటలో ప్రధాన ఆకర్షణ అయిపోతుంది. రెండో ఆల్బమ్‌కే నాకు ఆ ఆశ్చర్యం తగ్గిపోయింది. అకికావా అలా మార్చరు. నేర్చుకున్న గొంతుతోనే మొదటినుంచి చివరిదాకా పాడతారు. ఈ రెంటిలో నా ఓటు ఆయనకే.

ఇక అకికావానా, ఫుకుయా అంటే, పాడే మనిషి కోణం నుంచి నేను ఫుకుయ్ దారినే ఎంచుకుంటాను. ఒపెరాలో ఒక పాత్ర కుదరకపోతే ఇంకోటి ఉంటుంది. క్రాస్‌ఓవర్‌లో సరైన పాట దొరకాలి, అది సరైన రాత్రి టీవీలో రావాలి. ఇవి రెండూ గాయకుడి చేతిలో ఉండవు. అకికావాకు రెండూ కలిసొచ్చాయి. పైగా పాట ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా చెక్క శిల్పాలు కూడా చెక్కుతారు. 2021లో ఆయన చెక్కిన పాతకాలపు సమురాయ్ యోధుడు కుసునోకి మసషిగే విగ్రహం ప్రతిష్ఠాత్మకమైన నికా కళా ప్రదర్శనకు ఎంపికైంది.