పాత ఐర్లండ్ రాజవంశ పద్యాల పునర్ముద్రణ కొంటున్నారా? లోపల సగమే ఉంది, జాగ్రత్త

జర్మన్ పండితుడు కూనో మేయర్ సేకరించిన ప్రాచీన ఐరిష్ పద్యాల కోసం వెతుకుతున్నవారు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. పుస్తకానికి 3,400 రూపాయలు, తపాలాకు 900 రూపాయలు కట్టి నేను మోసపోయాను.

ఆన్‌లైన్‌లో అమ్మిన వ్యాపారి ప్రకటనలో ఉన్నది ఇది: అంత్యప్రాస లేని రాజవంశ పద్యాలు, సంపూర్ణం, మూలంతో పాటు ఇంగ్లీషు అనువాదం. మేయర్ ఈ పని 1913లోనూ 1914లోనూ బెర్లిన్‌లో రెండు భాగాలుగా వెలువడింది. మొదటి భాగంలో ఉన్నవి అంత్యప్రాస ఉన్న పద్యాలు, రెండో భాగంలోవి అది లేనివి. నాకు వచ్చింది మొదటి భాగం ఒక్కటే. ఏ పద్యాల పేరు చెప్పి అమ్మారో అవే లోపల లేవు! ఇంగ్లీషు అనువాదం కూడా లేదు. మేయర్ అనువదించింది జర్మన్‌లోకి, ఉన్నది అదే.

నేను కొన్నదే మోయిన్ పద్యం కోసం. ఐర్లండ్ తూర్పు ప్రాంతమైన లెన్‌స్టర్ రాజులు తమ మూలపురుషుడిగా చెప్పుకున్న లవ్రద్‌కు మరో పేరు మోయిన్, అంటే మూగవాడు. చిన్నప్పుడు మాటలు రాని అతను ఆటలో దెబ్బ తగిలి అరిచాడనీ, చుట్టూ ఉన్నవారు ‘మోయిన్ మాట్లాడుతున్నాడు’ అన్నారనీ కథ. లవ్రద్ అంటే ‘మాట్లాడతాడు’ అని అర్థం. ఆ పద్యం మొదలు ఇలా ఉంటుంది:

మోయిన్ ఓయిన్ / ఓ బ నోయిద్ / నీ బు నోస్ / అర్ద్‌రీగ్ / ఒర్త్ రీగ / రౌత్ ఆన్ / అవె లుర్క్ / లవ్రద్.

పసివాడిగా ఉన్ననాటి నుంచీ ఒంటరివాడు మోయిన్. మహారాజులకు అది ఆనవాయితీ కాదు. రాజులను చంపాడు, దివ్యమైన విసురు. లోర్క్ మనుమడు లవ్రద్. ఇందులో పాదాల చివర ప్రాస లేదు. పద్యాన్ని నిలబెట్టేది పాదం నుంచి పాదానికి అందుకునే అక్షరమైత్రి. నోయిద్‌ను నీ, రీగను రౌత్, లుర్క్‌ను లవ్రద్ అందుకుంటాయి. మన యతిలో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ మరో జట్టు. వారికి ఆ పట్టింపు లేదు, ఏ అచ్చుకైనా ఏ అచ్చుతోనైనా మైత్రి కుదురుతుంది. అందుకే అర్ద్‌రీగ్ తర్వాత ఒర్త్ చక్కగా ఇముడుతుంది. పైకి చదివితే వంశం పేర్లు గొలుసులా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇంత అందమైన పద్యం పేరు చెప్పి వేరే పుస్తకం అంటగట్టారనే నా బాధ.

వచ్చిన భాగమైనా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. పాత పేజీలను ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీసి అచ్చువేయలేదు. కంప్యూటర్ గుర్తించిన అక్షరాలను ఎవరూ దిద్దకుండా అచ్చుకు పంపారు. అచ్చుల మీద దీర్ఘం చూపడానికి ఉండాల్సిన వాలు గీతలన్నీ పోయాయి. పాత ఐరిష్‌లో ఫెర్ అంటే మగవాడు, ఫేర్ అంటే గడ్డి. రాతలో ఆ రెండింటికీ తేడా ఆ చిన్న గీతే. దీర్ఘాలు తీసేసి తెలుగు పద్యం అచ్చువేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వ్యాపారికి మూడు సార్లు రాశాను. పాత పుస్తకాల్లో చిన్న లోపాలు సహజమనీ, ఆర్డరు వచ్చాక అచ్చువేసింది కాబట్టి వెనక్కి తీసుకోలేమనీ జవాబిచ్చారు. సగం పుస్తకం లేకపోవడం చిన్న లోపం ఎలా అవుతుంది?

కొనాలనుకుంటే ముందుగా మోయిన్ పద్యం ఉన్న పేజీ ఫొటో అడగండి. పంపకపోతే అక్కడితో వదిలేయండి. పంపితే అచ్చుల మీద గీతలు ఉన్నాయో లేదో చూడండి. ‘సంపూర్ణం’ అన్న మాటను నమ్మకుండా, 1914 నాటి రెండో భాగం ఉందా అని సూటిగా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నేను చేయని పని అదే.

అసలు మూలం చూడటానికి డబ్బు అక్కర్లేదు. ఈ పద్యం ఉన్న 12వ శతాబ్దపు రాతప్రతి రాలిన్సన్ బి 502 ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. దాని పేజీల చిత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. అందులోని వంశావళుల పాఠాన్ని కార్క్ విశ్వవిద్యాలయం వారు కూడా ఉచితంగా అందిస్తున్నారు. అచ్చు పుస్తకమే కావాలంటే ఓబ్రయన్ సంపాదకత్వంలో 1962లో డబ్లిన్‌లో వెలువడిన వంశావళుల సంపుటి ఉంది. అయితే అందులో అనువాదం ఉండదు, అది తెలిసే కొనండి.

కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేశాను. డబ్బు ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే రాస్తాను. ఇదే పుస్తకం కొని మోసపోయినవారు ఇంకెవరైనా ఉంటే ప్రకటన ఫొటోతో సహా కింద పెట్టండి, ఫిర్యాదుకు జతచేస్తాను.