మిరప నారుకు ప్రోట్రేలు: చాన్నాళ్లు వాడాక

నారుమడిలో పీకిన మిరప నారు నాటితే మర్నాడు చేను ఎలా ఉంటుందో నాటినవాళ్లకు తెలుసు. మొక్కలన్నీ తలలు వాల్చేస్తాయి. వేర్లు చాలావరకు తెగి మడిలోనే ఉండిపోతాయి కాబట్టి తేరుకోవడానికి రోజులు పడుతుంది. కొన్ని అసలు తేరుకోవు, అవి పోయిన ఖాళీల్లో (పోగుంటల్లో) మళ్లీ నాటుకోవాలి.

ప్రోట్రేలు, అంటే నారు పెంచే చిన్న చిన్న గుంటల ప్లాస్టిక్ ట్రేలు, నాకు ఇంతగా నచ్చింది ఈ ఒక్క బాధ తప్పినందుకే. గుంట అడుగున వేలితో నొక్కితే మొక్క కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ముద్దతో సహా ఊడి చేతిలోకొస్తుంది. సాయంత్రం నాటితే తెల్లారేసరికి ఆకు నిలబడే ఉంటుంది. ఇన్నేళ్లయినా పొద్దున్నే ఆ వరసలు చూస్తే నాకెంత సంతోషమో!

నావి 98 గుంటల ట్రేలు. గుంటూరులో ఇంటి డాబా మీద షేడ్‌నెట్ కింద నారు పెంచి, తాడికొండ వైపున్న అరెకరంలో నాటుతాను. గింజ ఎంత లోతున వేయాలి, నీళ్లెలా చల్లాలి అన్నవి అందరికీ తెలిసినవే.

ట్రేలో ఉంది కదా, నారు ఆగుతుందిలే అనుకుంటాం. కొంతవరకే ఆగుతుంది. ఒక ఏడాది ఆగస్టు చివర్లో, సరిగ్గా 35-40 రోజుల వయసుకి నారు బ్రహ్మాండంగా తయారైంది. అప్పుడే ముసురు పట్టింది. మాది నల్లరేగడి, తడిస్తే కాలు పెట్టనివ్వదు, ఇక నాటడానికి అచ్చు తోలి గీతలు గీయడం ఎక్కడ? వాన తెరిపిచ్చినా నేల ఆరలేదు. డాబా మీద మొక్కలు మాత్రం ఎదుగుతూనే ఉన్నాయి. వేర్లు గుంటలో తిరిగి తిరిగి చాపలా అల్లుకున్నాయి. కోకోపీట్‌లో అసలే బలం తక్కువ, ఉన్న కాస్తా వానకు కొట్టుకుపోయి కింది ఆకులు పసుపెక్కాయి. కొన్నిటికి ట్రేలోనే మొగ్గలొచ్చాయి. 19-19-19 ఎరువు నీళ్లలో పల్చగా కలిపి పోశాను, మొగ్గలు గిల్లేశాను. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

నాటాక మొక్కలు వాడిపోలేదు, అది నిజం. కానీ ఎదగనూ లేదు. వేర్లు ఆ ముద్ద వదిలి పక్క మట్టిలోకి పోవడానికి చాలా రోజులు తీసుకున్నాయి. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం రెండో విడత. కొన్ని ట్రేలలో ఆలస్యంగా గింజ వేశాను. ఆ లేత నారు తర్వాత నాటినా, దసరా దాటేసరికి ముదురు నారును మించిపోయింది. అప్పటినుంచి పది రోజుల తేడాతో రెండు విడతలుగా వేస్తున్నాను.

అమెరికాలో మినియాపొలిస్‌లో ఉన్న మా అక్క కూతురిది అచ్చం ఇదే సమస్య. నాకు వాన అడ్డం, దానికి చలి. అక్కడ మే మొదట్లో కూడా ఏదో ఒక రాత్రి మంచు పడి లేత మొక్కల్ని మాడ్చేస్తుంది. రాత్రి చలి 13 డిగ్రీల కంటే దిగితే మిరప ముడుచుకుపోతుంది. "పిన్నీ, జనవరిలోనే గింజ వేసేయనా?" అని సంబరంగా అడిగింది. బయట నాటే రోజు నుంచి ఎనిమిది, పది వారాలు వెనక్కి లెక్కేసుకోమన్నాను. ఇప్పుడు మార్చి మధ్యలో ఇంట్లో లైట్ల కింద వేసి, మే నెలాఖరులో నాటుతోంది. అన్ని వారాలు 98 గుంటల ట్రే మోయలేదు కాబట్టి, నాలుగాకులు రాగానే పెద్ద కప్పుల్లోకి మారుస్తుంది. నాటే ముందు ఓ వారం పాటు రోజూ కాసేపు బయట పెట్టి ఎండకీ గాలికీ అలవాటు చేస్తుంది. గింజ మొలవడానికి మట్టి 25-30 డిగ్రీల వెచ్చన ఉండాలని కింద హీట్ మ్యాట్ కూడా వేస్తుంది. మనం జూలైలో గింజ వేస్తాం కాబట్టి మనకు ఆ ఖర్చు లేదు.

పల్చటి ట్రేలు ఎండకు పెళుసెక్కి అంచులు విరిగిపోతాయి. నాలుగు రూపాయలు ఎక్కువైనా మందంవే తీసుకోండి.

నాకున్నది అరెకరమే, పూటపూటా నీళ్లు చల్లడానికి ఇంట్లో మనుషులున్నారు, కాబట్టి నేనైతే ట్రేలు వదలను. ఐదారెకరాలు వేసేవాళ్లకు నర్సరీలో నారు కొనుక్కోవడమే తేలికేమో. కొనేటప్పుడు మాత్రం నారు వయసు అడగండి, ఒక మొక్క పైకి తీసి వేరు చూడండి. తెల్లగా ఉంటే తెచ్చుకోవచ్చు. గోధుమ రంగుకు తిరిగి చుట్టలు చుట్టుకుని ఉంటే రేటు తగ్గించి ఇస్తామన్నా వద్దు.