హగ్గయి సమాధి కోసం ఒక పూట

మా ఊళ్లో చర్చి కట్టాలని కమిటీ అనుకున్నప్పుడల్లా ఆ ఆదివారం ప్రసంగం బైబిలు ప్రవక్త హగ్గయి మీదే. మందిరం పాడుబడి ఉంటే మీకు సరంబీ వేసిన ఇళ్లు కావాలా అని బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదా జనాన్ని ఆయన క్రీ.పూ. 520లో యెరూషలేములో నిలదీశాడు, ఆ మాట మా దగ్గర ఇప్పటికీ చందా పుస్తకం తెరిపిస్తుంది. అంతటాయన సమాధి అని చెప్పేది యెరూషలేము పక్కన ఒలీవ కొండ మీద ఉంటే మా ఇజ్రాయెల్ టూర్ లిస్టులో లేదు! ఖాళీ ఇచ్చిన పూట నాన్నా నేనూ విడిగా వెళ్లాం.

బస బేత్లెహేములో, అక్కడ రేట్లు తక్కువ కాబట్టి. గది శుభ్రం, అన్నం రోజూ పెట్టారు, పచ్చడి మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోవాల్సిందే. గొడవల్లా యెరూషలేముకు వెళ్లే దారిలో దాటాల్సిన ఇజ్రాయెల్ చెక్‌పోస్టుతోనే, పాస్‌పోర్టులు పట్టుకుని పొద్దున్నే క్యూ. సొంతంగా తిరగాలనుకుంటే డబ్బు ఎక్కువైనా యెరూషలేములోనే ఉండండి. టాక్సీ ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి, మా డ్రైవర్ దిగేటప్పుడు ఇంకో రేటు చెప్పాడు.

కొండ కింద కిద్రోను లోయలో జెకర్యా సమాధి అని ఒకటి చూపిస్తారు, అది యాజకుడు యెహోయాదా కొడుకు జెకర్యా పేరుతో ఉన్నది, ప్రవక్తది కాదు. ప్రవక్త జెకర్యా, హగ్గయి, మలాకీల పేరున్నది పైన, ఒక ఇంటి ఆవరణలో. స్థలం 1882 నుంచి రష్యన్ ఆర్థడాక్స్ చర్చిది. మెట్లు దిగితే చీకటి గుహ, గుండ్రటి గది, అందులోంచి విసనకర్రలా విడిపోయే దారులు, రాతి గోడల్లో శవాలు పెట్టే గూళ్లు. ఫోన్ లైటు చాలదు, టార్చి పట్టుకెళ్లండి. మోకాళ్ల నొప్పులుంటే పైనే ఆగడం మంచిది.

నిజానికి ఇలాంటి గూళ్లు తొలవడం క్రీ.పూ. ఒకటో శతాబ్దం ప్రాంతపు పద్ధతి, హగ్గయికి నాలుగు వందల ఏళ్ల తర్వాతిది. అంటే ఆయన ఇక్కడ లేనట్టే. అయినా నాకు నచ్చింది, రద్దీ లేదు, తొందరపెట్టే గైడు లేడు, బయటికొస్తే ఎదురుగా ఆయన కట్టించిన ఆలయం ఉన్న గుట్ట. ఆలయం పోయింది, ఇప్పుడక్కడ ముస్లింల డోమ్ ఆఫ్ ద రాక్ బంగారు గుమ్మటం మెరుస్తోంది.

టికెట్ లేదు. చూసుకునేవాళ్లకు తోచింది ఇవ్వడమే. నాన్న ఇరవై షెకెళ్లు (అక్కడి డబ్బు) ఇచ్చి, మా చర్చి ట్రెజరర్ కదా, అలవాటుగా రసీదు అడగబోయి ఆగారు.